‘ఒకటి కా…’: చెదలు తిన్న చోట ఏముండేది?

పుత్తూరు: తిరుపతిలో డిగ్రీ తెలుగు మీడియం చదివినప్పటి లెక్కల నోటు అటక మీద దొరికింది. మా సార్ బోర్డు మీద రాసిన ఒక వాక్యాన్ని ఎర్రసిరాతో ఎక్కించుకున్నాను: ‘ప్రమేయపు సమాకలని, సమాకలని ప్రమేయం ఒకటి కా…’. ప్రమేయం అంటే ఫంక్షన్, సమాకలని అంటే ఇంటిగ్రల్. ఆ మూల చెదలు తినేసింది. కింది లైను ‘ఉదా:’ అని మొదలవుతుంది. కాదా, కావా, కానక్కరలేదా? వారం నుంచి ఇదే తలలో తిరుగుతా ఉంది.

చంద్రగిరి: కర్తలు రెండు కదన్నా. ‘ఒకటి కావు’ తప్ప ఇంకోటి పడదు.

తిరుచానూరు: పాలూ నీళ్ళూ ఒకటి కాదు అని మనవైపు అనరా? వచనం పట్టుకుంటే ఇది తేలదు. లెక్క చూడండి. ప్రమేయం అంటే ఇక్కడ వర్గం చేయడం అనుకోండి. ఎక్స్‌ని 0 నుంచి 1 వరకు సమాకలనం చేస్తే 1/2, దాని వర్గం 1/4. ముందే వర్గం చేసి సమాకలనం చేస్తే 1/3. ఇక్కడ ఒకటి కాదు, నిజమే. వర్గం తీసేసి ‘మూడు రెట్లు’ పెట్టండి, ఎటు చేసినా 3/2 వస్తుంది. కొన్నిచోట్ల ఒకటవుతున్నప్పుడు ‘కాదు’ అని బోర్డు మీద రాసే లెక్కల మాస్టారు ఉంటారా? ‘కానక్కరలేదు’ అనే రాసుంటారు.

చంద్రగిరి: మేడం, మూడు రెట్లకు రెండు కలిపి చూసినారా?

తిరుచానూరు: చూశాను. 0 నుంచి 1 వరకు ఎటు చేసినా 7/2. అదే అంతరం (ఇంటర్వెల్) మార్చి 0 నుంచి 2 వరకు పోతే సమాకలని ముందైతే 8, ప్రమేయం ముందైతే 10. ఆ రెండు అనే స్థిరాంకాన్ని సమాకలనం చేసినప్పుడు అంతరం పొడవుతో గుణింపబడి 4 అవుతుంది. పొడవు 1 అయినప్పుడు బయటపడదంతే. ఒకే ప్రమేయం ఒక అంతరంలో ఒకటై, ఇంకో అంతరంలో వేరవుతుంటే ‘కానక్కరలేదు’ కాక ఏముంటుంది?

శ్రీకాళహస్తి: వాక్యం నడక వినండి. ‘ప్రమేయపు సమాకలని, సమాకలని ప్రమేయం’: మాటలు అటూ ఇటూ మారి అద్దంలో చూసినట్టుంది. ఇంత చక్కగా కట్టిన మనిషి చివర ‘కానక్కరలేదు’ అని ఈడుస్తాడా? ‘ఒకటి కానేరవు’. అప్పుడే తూకం కుదురుతుంది.

చిత్తూరు: గ్రాంథికమే అయితే ప్రథమ మీది పరుషానికి గసడదవలు రావాలి సార్, అంటే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారాలి, ‘ఒకటి గానేరవు’ కావాలి. నోటులో ‘కా’ స్పష్టంగా ఉంది. కాబట్టి అది వాడుక భాష, ‘నేరవు’కు చోటు లేదు.

శ్రీకాళహస్తి: ఆ సూత్రంలోనే ‘బహుళం’ అని ఉంది. రావచ్చు, రాకపోవచ్చు. సూత్రాన్ని సగంలో ఆపకూడదు.

చిత్తూరు: ఒప్పుకుంటాను. అయినా ‘నేరవు’ అంటే శక్తి లేదని. మూడు రెట్లకు ఆ శక్తి ఉందని మేడం చూపించినారు కదా. నాకు ఇంకో మాట తోస్తోంది. తెలుగులో షష్ఠి వరస పనుల వరసను పట్టిస్తుంది. ‘ప్రమేయపు సమాకలని’ అంటే ముందు ప్రమేయం, తర్వాత సమాకలని. ‘చెరుకురసం బెల్లం’లో రసం ముందు, బెల్లం తర్వాత. ఇంగ్లీషులో చివరి పని ముందు వస్తుంది. ఈ విషయంలో మన మాట సూటిగా ఉందని నాకు గర్వంగా ఉంటుంది.

కాణిపాకం: గణితాన్ని తెలుగులో చెప్పడం మనకు కొత్తేమీ కాదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని పద్యాల్లో పెట్టాడు. లెక్కను ఛందస్సులో చెప్పాలంటే ఒక అక్షరం జారినా జవాబు జారుతుంది.

శ్రీకాళహస్తి: మల్లన సరే. ఈ నోటు గతి చూస్తే నాకు అన్నమయ్య గుర్తొచ్చాడు. 32 వేల సంకీర్తనలు అంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవైనా రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడి అరలో దాచబట్టే మిగిలాయి. రాగిని చెదలు తినలేదు కదా. ఆ అర పక్కన నిలబడినప్పుడల్లా రానివాటి గురించే దిగులు.

తిరుచానూరు: ఆ దిగులు నాకూ ఉంది సార్. కానీ పుత్తూరు అన్న అడిగింది ఒక్క అక్షరం. అన్నా, ‘కా’ తర్వాత అక్షరం పైకొస ఏమైనా మిగిలిందా? తలకట్టు ఉంటే ‘నే’ కాదు, దానికి ఏత్వం ఉంటుంది.

పుత్తూరు: ఇప్పుడే కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాను. పేజీ పసుపెక్కి పొడి రాలుతోంది. ‘కా’ పక్కన చిన్న ఎర్ర కొస పైకి లేచి ఉంది, తలకట్టే. కింద ఏమీ లేదు.

తిరుచానూరు: అయితే ‘కానేరవు’ పోయింది.

చంద్రగిరి: ‘కావు’ ఉంది!

చిత్తూరు: ‘కాదు’ కూడా ఉంది. అన్నా, చెదలు తిన్న వెడల్పు ఎంత? ‘నక్కరలేదు’ అక్కడ పడుతుందా?

పుత్తూరు: రెండు వేళ్ళుంది. అప్పట్లో నా రాత చాలా సన్నం. రెండక్షరాలూ పడతాయి, ఐదూ పడతాయి. మార్జిన్ ఎక్కడుందో రేపు స్కేలు పెట్టి చూస్తాను.