స్వయంప్రతిపత్తి వస్తే సీమ డిగ్రీ కళాశాలలు బాగుపడతాయా?

పెన్నాతీరం (అనంతపురం):
పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టా విశ్వవిద్యాలయం చూసుకుంటే కళాశాల పాఠం మాత్రమే చెప్పే అనుబంధ కళాశాలల పద్ధతిని పదిహేనేళ్లలో దశలవారీగా ఎత్తివేయాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. అంటే ప్రతి డిగ్రీ కళాశాల సొంతంగా పట్టాలిచ్చే స్థాయికి ఎదగాలి, లేదా ఏదో ఒక విశ్వవిద్యాలయంలో కలిసిపోవాలి. ఇది సీమకు మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా మొదలై, 1981లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. పరిశోధన కోసం, పైచదువుల కోసం తెచ్చుకున్న ఆ సంస్థ శక్తిలో పెద్ద భాగం నేడు అనుబంధ కళాశాలల ప్రశ్నపత్రాలకు, హాల్ టికెట్లకు, మూల్యాంకనానికి, మార్కుల జాబితాలకు ఖర్చవుతోంది. మరోవైపు, వేరుశనగ రైతుల పిల్లలు చదివే కళాశాలలో వర్షాధార సేద్యం మీద ఒక పేపరు పెట్టాలన్నా అక్కడ పాఠం చెప్పే అధ్యాపకుడికి ఆ అధికారం లేదు. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు వచ్చినా, చుట్టుపక్కల కళాశాలల భౌతికశాస్త్ర విద్యార్థులకు దాని గురించి చెప్పాలంటే ఎక్కడో పాఠ్యప్రణాళిక మారేదాకా ఆగాలి.

హంద్రీవాసి (కర్నూలు):
ఒకే ప్రశ్న అడుగుతాను. జవాబుపత్రాలు ఎవరు దిద్దుతారు? ఫీజు కట్టించుకునే యాజమాన్యమే ప్రశ్నపత్రం తయారుచేసి, అదే జీతమిచ్చే అధ్యాపకుడి చేత దిద్దిస్తే, ఫలితాల శాతం తగ్గనిచ్చే యాజమాన్యం ఎక్కడుంటుంది? బయటి మూల్యాంకనం ఒక్కటే నేటికీ పట్టాకు కాస్త విలువ నిలుపుతోంది.

బుగ్గవంక (కడప):
అన్నా, పరీక్షల మాట తర్వాత చూద్దాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని మా చెల్లెలి సర్టిఫికెట్లు ఒక ప్రైవేటు కళాశాల ఇవ్వలేదు. పీజీ కౌన్సెలింగ్ గడువు దాటిపోయింది. ఆ కళాశాల చేతికే పట్టా ఇచ్చే అధికారం కూడా వస్తే మేము ఎవరి దగ్గరకు పోవాలి?

పెన్నాతీరం:
బుగ్గవంక గారూ, మీ చెల్లెలికి జరిగినది అన్యాయమే. కానీ అది అనుబంధ పద్ధతి అమలులో ఉండగానే జరిగింది. విశ్వవిద్యాలయం పేరు ఆ అమ్మాయిని కాపాడలేదు. హంద్రీవాసి గారికి నా సమాధానం కొంచెం పొడవుగానే ఉంటుంది. 1964–66 నాటి కొఠారీ కమిషనే మంచి కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని సిఫారసు చేసింది. 1916లో దత్తమండల కళాశాలగా పుట్టిన అనంతపురం ప్రభుత్వ కళాశాల, కడప పురుషుల ప్రభుత్వ కళాశాల ఇప్పటికే స్వయంప్రతిపత్తితో నడుస్తున్నాయి. పైగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 నిబంధనల కింద స్వయంప్రతిపత్తి పొందిన కళాశాల పాఠ్యప్రణాళికను, పరీక్షలను తానే చూసుకున్నా, పట్టా ఇచ్చేది మాతృ విశ్వవిద్యాలయమే. దాని మీద కళాశాల పేరు కూడా ఉంటుంది. కాబట్టి పట్టాకు విలువ పోతుందన్న భయానికి ఆధారం లేదు.

హంద్రీవాసి:
నేను అడిగినదానికి జవాబు రాలేదు. దిద్దేది ఎవరు?

పెన్నాతీరం:
బోధించినవాడే దిద్దుతాడు. ఐఐటీల్లోనూ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనూ జరిగేది అదే. అక్కడి ఆచార్యులను నమ్మి, మన ఊరి అధ్యాపకుడి దగ్గరకు వచ్చేసరికి దొంగను చూసినట్టు చూడడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

హంద్రీవాసి:
నేను అనని మాటను నాకు అంటగట్టకండి. ఐఐటీ ఆచార్యుడిని తక్కువ మార్కులు వేశాడని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు. ఇక్కడి ప్రైవేటు కళాశాల అధ్యాపకుడికి జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో ఏప్రిల్‌లో తెలియదు. ఏ గుర్తింపును చూసి స్వయంప్రతిపత్తి ఇస్తారో ఆ గుర్తింపునిచ్చే, కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ సంస్థ తనిఖీ బృందంలోని సభ్యులనే 2025 ఫిబ్రవరిలో లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. తనిఖీ చేసేవారి మీదే నమ్మకం సడలినప్పుడు యాజమాన్యాల మీద నమ్మకం పెట్టుకోమంటారా?

చిత్రావతి (ధర్మవరం):
నేను పాఠం చెప్పేవాడిని, ఒప్పంద అధ్యాపకుడిని. నమ్మకం గురించి మీరిద్దరూ వాదిస్తున్నారు కానీ మా నియామకాల గురించి ఎవరూ మాట్లాడడం లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులకు 2023లో ప్రకటనలు వచ్చి న్యాయవివాదాల్లో చిక్కుకున్నాయి. శాశ్వత ఉద్యోగం లేని మనిషి కొత్త పాఠ్యప్రణాళిక రాయడు, ఎందుకంటే వచ్చే ఏడాది దాన్ని బోధించేది తానే అన్న భరోసా అతనికి ఉండదు.

పెన్నాతీరం:
ఒప్పుకుంటాను. అయితే పోస్టులు నిండేదాకా ఆగుదామంటే మరో తరం అదే పాత పాఠ్యప్రణాళికతో బయటికొస్తుంది. హంద్రీవాసి గారు ప్రతిసారీ పరీక్ష దగ్గరే ఆగిపోతున్నారు. ఆయనకు నిజంగా అభ్యంతరం ఏమిటో సూటిగా చెప్తే బాగుంటుంది.

హంద్రీవాసి:
చెప్తాను. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ ఒక కేంద్రం ఉండాలని మన పెద్దలు రాయించుకున్నారు. అనంతపురంలో స్వతంత్ర విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. కడపకు యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లోనూ, కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లోనూ వచ్చాయి. ఇన్నేళ్లు అడిగి తెచ్చుకున్న విశ్వవిద్యాలయాల పేరు ఆలూరు, పత్తికొండ పిల్లల పట్టా మీద ఇప్పుడిప్పుడే పడుతోంది. మీరు చూపించిన 2023 నిబంధన మధ్యలో ఒక మెట్టు మాత్రమే. విద్యావిధానం చివరికి కోరేది కళాశాలే పట్టా ఇవ్వడం. అప్పుడు పట్నంలో పేరున్న కళాశాల పట్టా ఒక రకం, పల్లె కళాశాల పట్టా మరో రకం అవుతుంది. ఇంకొకటి. ఆ విధానమే ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ మూడు వేలు, అంతకు మించి విద్యార్థులు ఉండాలన్న లక్ష్యం పెట్టింది. మా తాలూకా కళాశాలలో అంతమంది ఏనాడూ ఉండరు. దాన్ని కలిపేస్తారు, లేదా మూసేస్తారు. బస్సులో ఉదయం పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలదు కాబట్టే ఆడపిల్లను డిగ్రీకి పంపే తల్లిదండ్రులు ఆ మరుసటి ఏడాదే పెళ్లి చేసేస్తారు. 2021–22 ఉన్నత విద్య సర్వేలో దేశ స్థూల నమోదు, అంటే కళాశాల వయసు జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో చేరినవారి నిష్పత్తి, 28.4 శాతం, 2035కు లక్ష్యం 50 శాతం. ఆ మిగతా పిల్లలు ఆలూరు నుంచే రావాలి.

బుగ్గవంక:
ఇదే మొదట రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా సార్.

పెన్నాతీరం:
ఆడపిల్లల మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దూరాన్ని లెక్కలోకి తీసుకోని విలీనం ఏదైనా తప్పే. కానీ పట్టాలన్నీ ఇప్పుడు సమానంగా ఉన్నాయన్నది నేను ఒప్పుకోను. ఉద్యోగమిచ్చేవారు పట్టా మీద విశ్వవిద్యాలయం పేరుతో ఆగకుండా ఏ కళాశాల అని అడుగుతూనే ఉన్నారు. ఆలూరు పిల్లకు ఆ ఒక్క పేరు ఇచ్చి, మంచి ప్రయోగశాలను, శాశ్వత అధ్యాపకుడిని ఇవ్వకపోవడం సమానత్వం ఎలా అవుతుంది?

హంద్రీవాసి:
అవి కూడా ఇవ్వమనే నేను అడుగుతున్నాను. అవి ఇవ్వకముందే ఉన్న ఆ పేరును కూడా తీసెయ్యవద్దని అంటున్నాను.

చిత్రావతి:
అయితే ముందు ప్రభుత్వ కళాశాలలకే ఇచ్చి చూడవచ్చు. అక్కడ ఖాళీలు నింపి, పాఠ్యప్రణాళికలో స్వేచ్ఛ ఇచ్చి, జవాబుపత్రాల్లో కొంత భాగం పక్క జిల్లా కళాశాలకు పంపి దిద్దించండి. పట్టా విశ్వవిద్యాలయం పేరుతోనే ఉండనివ్వండి.

పెన్నాతీరం:
ప్రభుత్వ కళాశాలలతో మొదలుపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. పక్క జిల్లాలో దిద్దించడం మాత్రం మొదటి అయిదేళ్లకే పరిమితం కావాలి.

హంద్రీవాసి:
అయిదేళ్లని ఇప్పుడే గడువు పెట్టకండి. మొదటి రెండు బ్యాచ్‌ల మార్కులు, బయట దిద్దినవి ఇక్కడ దిద్దినవి పక్కపక్కన పెట్టి అందరికీ కనిపించేలా ప్రకటించమనండి. ఆ తర్వాత నేను మళ్లీ మాట్లాడతాను.