అప్‌డేట్: పలచబరిచిన బఫర్ ఎందుకు తట్టుకోలేకపోయింది?

అసిటేట్ బఫర్‌ను (కొద్దిగా ఆమ్లమో క్షారమో కలిపినా పీహెచ్‌ను పెద్దగా మారనివ్వని ద్రావణం) పదిరెట్లు పలచబరిస్తే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఆమ్లత్వం పెరిగితే ఇది తగ్గుతుంది) దాదాపు మారలేదు, కానీ ఆమ్లం కలపగానే ఎందుకు పడిపోయిందని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్లే లెక్క వేశాను, విషయం తేటతెల్లమైంది. పీహెచ్‌ను నిర్ణయించేది అసిటేట్ (అసిటిక్ ఆమ్లం హైడ్రోజన్ అయాన్‌ను వదిలేస్తే మిగిలేది), అసిటిక్ ఆమ్లాల నిష్పత్తి. ఎంత తాకిడిని ఓర్చుకోగలదో నిర్ణయించేది వాటి పరిమాణం. లీటరులో రెండూ 0.1 మోల్ (పదార్థ పరిమాణానికి ప్రమాణం) చొప్పున ఉంటే, 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపినా ఆ హైడ్రోజన్ అయాన్లను అసిటేట్ పట్టేసుకుంటుంది. పీహెచ్ 4.76 నుంచి 4.67కు మాత్రమే దిగుతుంది. (శుద్ధమైన నీరైతే 7 నుంచి ఏకంగా 2కు!) నా పలచని ద్రావణంలో అసిటేట్ ఉన్నదే 0.01 మోల్. కలిపిన 0.01 మోల్ ఆమ్లంతో అదంతా ఖర్చైపోయి పీహెచ్ 3.2 దాకా జారింది. మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. రేపు గాఢమైన ద్రావణంతో మళ్లీ చేస్తున్నాను.