మోషే పేరు హెబ్రీదా, ఐగుప్తుదా?

కొల్లేటి_కొంగ:
మా సండే స్కూల్లో ఒక పిల్లాడు అడిగాడండి: "ఫరో కూతురికి హెబ్రీ వచ్చా సార్?" నోరు మెదపలేకపోయాను. బైబిల్లో నిర్గమకాండం 2:10లో ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో కూతురే కదా, బుట్టలో ఉన్న పసివాణ్ణి నీళ్లలోంచి తీశానని మోషే అని పేరు పెట్టింది! హెబ్రీలో "మాషా" అంటే బయటికి లాగడం. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరాతి_పిచ్చోడు:
అది ఐగుప్తు పేరే. ఆ భాషలో "మ్-స్" ధాతువుకి పుట్టడం, కనడం అని అర్థం. ఫరోల పేర్లు చూడండి: తూత్‌మోస్ అంటే "తోత్ పుట్టాడు", రామెసేసు అంటే "రా కన్నవాడు". ముందున్న దేవుడి పేరు తీసేయండి, ఏం మిగులుతుంది? మోషే గోత్రమైన లేవీయుల్లో ఇదేం వింత కాదు. మోషే అన్న అహరోను మనవడు ఫీనెహాసు పేరు కూడా ఐగుప్తుదే, "నూబియావాడు" (ఐగుప్తుకి దక్షిణాన ఉన్న దేశంవాడు) అని.

వాక్యమే_దీపం:
అర్థం వాక్యంలోనే ఉండగా ఈ తవ్వకాలెందుకు బ్రదర్? సరే, మీ దారిలోనే అడుగుతా. నిర్గమ 1:11లో రామెసేసు పట్టణాన్ని హెబ్రీలో "సామెక్"తో, అంటే "స"తో రాశారు. మరుసటి అధ్యాయంలో మోషేకి "షీన్" వచ్చింది. ధాతువు ఒకటే అయితే "స" ఒకచోట, "ష" ఒకచోట ఎందుకు?

పాతరాతి_పిచ్చోడు:
గట్టిగా పట్టుకున్నారు. రెండు పేర్లూ వేరువేరు కాలాల్లో అరువొచ్చాయని సర్దుకోవచ్చు గానీ, ఆ సర్దుబాటు నాకే పూర్తిగా నచ్చదు. అయినా మీ వైపూ ఒక ముల్లుంది. "మోషే" రూపానికి "తీసేవాడు" అని అర్థం. తీయబడినవాడైతే "మాషుయ్" అనాలి. బుట్టలో ఉన్న పసివాడు ఎవర్ని తీశాడండీ?

వాక్యమే_దీపం:
తర్వాత సముద్రంలోంచి జనాన్నంతా బయటికి తెచ్చింది ఎవరు? నాకది ముల్లు కాదు, ప్రవచనం. ఆ క్రియ మళ్లీ కనిపించేది దావీదు పాటలోనే: 2 సమూయేలు 22:17, అదే పాట కీర్తన 18:16లో. అక్కడా నీళ్లలోంచి తీయడమే.

పాతరాతి_పిచ్చోడు:
చదవడానికి బాగుంది, ఒప్పుకుంటా. కానీ అది పేరుతో కవి ఆడిన ఆట, పుట్టుక కాదు. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా దీన్ని ఐగుప్తు మాటగానే విడదీశాడు, "మో" అంటే నీళ్లని. ఆయన మిగతా విడదీత నమ్మను, కానీ ఆయన చెవికి కూడా అది పరాయి పేరులాగే వినపడింది.

కొల్లేటి_కొంగ:
ఇద్దరికీ వందనాలు. పిల్లాడికి రెండూ చెప్పేస్తా. ఫీనెహాసు సంగతి మాత్రం వాడి చెవిన వేయను, ఇంకో ఆదివారం పోతుంది.