ఫైలుకు తాళం ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నలే వేయాలా, ప్రోగ్రాముల ఇష్టానికి వదిలేయాలా?

గెలాక్సీ యార్డు: మాది చీమకుర్తిలో గ్రానైటు యార్డు. లోడ్ల రిజిస్టరు ఎక్సెల్ ఫైలు, లినక్స్ మీద సాంబా (విండోస్ సిస్టమ్‌లకు ఫైళ్లు పంచే ప్రోగ్రాము) సర్వర్లో ఉంటుంది. మొన్న అకౌంటెంట్ దాన్ని తన విండోస్ సిస్టమ్‌లో తెరిచి పని చేసుకుంటుంటే, ఏడింటికి దానంతటదే నడిచే నా క్రాన్ స్క్రిప్టు కాటా లెక్కలు కలిపి కొత్త ఫైలు చేసి ఎంవీ కమాండుతో పాతదాని మీద పెట్టేసింది. ఆయన సేవ్ కొట్టాడు, కాటా లెక్కలు గోవిందా. విండోస్ సర్వరైతే ఫైలు వాడుకలో ఉందని మొహం మీదే చెప్పేది. లినక్స్ ఎందుకు ఊరుకోవాలి? కెర్నలే అడ్డుకోవాలి.

కావలి టెర్మినల్: అన్నా, ఆ సరదా కూడా తీరింది. మాండేటరీ లాకింగ్ అని, కెర్నలే బలవంతంగా అమలు చేసే తాళం ఉండేది. డిస్కును మాండ్ ఆప్షన్‌తో మౌంట్ చేసి, ఫైలు పర్మిషన్లలో సెట్‌జీఐడీ బిట్ పెట్టి, గ్రూపు ఎగ్జిక్యూట్ తీసేయాలి. వాడే దిక్కు లేక, రేస్ కండిషన్లు (రెండు పనులు ఒకేసారి ఢీకొని వచ్చే తప్పులు) వదలక 2021లో 5.15 కెర్నల్‌తో పీకేశారు. ఇప్పుడున్న ఎఫ్‌లాక్, ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాకులు తాళం ఉందా అని అడిగిన ప్రోగ్రాముకే అడ్డం. బలవంతపు తాళమైతే ఎవడో ఫైలు పట్టుకుని భోజనానికి పోతే బ్యాకప్ కూడా ఆగిపోద్ది.

గెలాక్సీ యార్డు: బ్యాకప్ మళ్లీ నడుపుకుంటా. పోయిన లెక్క ఎవరు తెస్తారు? కాటా చీట్లు చెత్తబుట్టలోంచి ఏరి ఎక్కించా, ఒకదాని మీద టీ పడి అంకె 3 ఓ 8 ఓ తెలీలేదు.

పెన్నా గట్టు: ఎంవీ అన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది. ఎంవీ ఫైల్లో రాయదు, డైరెక్టరీలో పేరు మారుస్తుంది. పాత మాండేటరీ లాకు రీడ్, రైట్లను ఆపేదిగానీ రీనేమ్‌ను కాదు, కాబట్టి అది ఉన్నా నీకు ఇదే జరిగేది. పైగా ఎక్సెల్ పెట్టిన షేర్ మోడ్‌ను (ఇంకెవరూ రాయొద్దన్న గుర్తును) సాంబా తన సొంత డేటాబేసులో రాసుకుంటుంది, సర్వర్లోనే నడిచే ఎంవీ దాన్ని అడగనే అడగదు. ముందు గుమ్మంలో కాపలా ఉంటే నువ్వు దొడ్డిదారిన దూరావు. సాంబా గుండానే ఫైలు పంపే ఎస్‌ఎంబీక్లయింట్‌తో పంపి చూడు, ఫైలు తెరిచి ఉంటే షేరింగ్ వయొలేషన్ అని వెనక్కి కొడుతుంది.

గెలాక్సీ యార్డు: పెట్టా. నిన్న ఆయన ఫైలు మూయకుండా ఇంటికెళ్లాడు, రాత్రంతా వెనక్కే కొట్టింది.

కావలి టెర్మినల్: భోజనం మాట నేను ముందే చెప్పా అన్నా.