పవర్ పెంచితే బొమ్మ ఇంకా పాడైంది, ఎందుకు?

ప్రశ్న:
మాది చిన్న కేబుల్ నెట్‌వర్క్ అండీ. హెడ్‌ఎండ్ (ఛానెళ్లన్నీ పంపే మా కేంద్రం) నుంచి పక్క మండలానికి 1550 నానోమీటర్ల వెలుగు మీద 32 కిలోమీటర్ల ఫైబర్. అవతల సిగ్నల్ చాలట్లేదని ఆంప్లిఫయర్‌ను 16 డీబీఎంకి (వెలుగు పవర్ కొలత) పెంచాను. అక్కడ మీటర్ రీడింగ్ పెద్దగా కదల్లేదు. పైగా ఎంఈఆర్ (సిగ్నల్ నాణ్యత కొలత, ఎక్కువుంటే మంచిది) 36 నుంచి 27కి పడి, బొమ్మ గడులు గడులుగా విడిపోతోంది. రెండు రాత్రులు స్ప్లైసులన్నీ (ఫైబర్ అతుకులు) వెతికాం, ఒక్క తప్పూ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
స్ప్లైసుల జోలికి ఇక వెళ్లకండి. ఇది బ్రిల్వా స్కాటరింగ్. ఫైబర్‌లో వెలుగు నడిచే కోర్ వెడల్పు 9 మైక్రాన్లే. అంత ఇరుకులో ఒకే రంగు వెలుగును గట్టిగా తోస్తే గాజులోనే ధ్వని తరంగం లేస్తుంది. అది అద్దంలా వెలుగును వెనక్కి కొడుతుంది. మామూలు లేజర్‌కైతే ఇంత దూరంలో 6, 7 డీబీఎం దగ్గరే మొదలవుతుంది. ఆ గీత దాటాక మీరు పెంచిందంతా వెనక్కే వస్తుంది. ట్రాన్స్‌మిటర్ మెనూలో ఎస్‌బీఎస్ (ఈ బ్రిల్వా స్కాటరింగ్‌కే పొట్టి పేరు) విలువ ఎంతుందో ముందు చూడండి. అది లేజర్ వర్ణపటాన్ని కాస్త వెడల్పు చేసి ఆ గీతను ఆ విలువ దాకా పైకి జరుపుతుంది.

జవాబు 2:
అదే ఫైబర్‌లో జీపాన్ (ఇళ్లకిచ్చే ఫైబర్) ఇంటర్నెట్ కూడా పంపుతున్నారా? అయితే దాని 1490 నానోమీటర్ల వెలుగు రామన్ స్కాటరింగ్ వల్ల 1550లోకి కారుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ ఛానెళ్లకే ముందు దెబ్బ. మీకు అన్ని ఛానెళ్లూ పాడయ్యాయి కాబట్టి పై జవాబే సరైనదనిపిస్తోంది.

అడిగినవారు:
ఇంటర్నెట్‌కి వేరే ఫైబర్ ఉందండీ. మెనూలో ఎస్‌బీఎస్ 13 డీబీఎం దగ్గరుంది! 16 చేసి, ఆంప్లిఫయర్‌ను 15కి దించాను. ఎంఈఆర్ 35, బొమ్మ నిలబడింది. చాలా థాంక్స్ అండీ.