సెలవుల్లో సేవాయాత్ర: అరకు వైపు వెళ్లాలా, మన లంకల్లోనే చేయాలా?

బందరుకాలువ (విజయవాడ):
మా కాలేజీ సేవా బృందంలో తేలని చర్చ ఇది. మే రెండో వారంలో 40 మంది విద్యార్థులు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఒక గిరిజన గ్రామానికి వెళ్లి ఏడు రోజులు ఉండాలన్నది ప్రతిపాదన. బడికి రంగులు వేయడం, పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం, మొక్కలు నాటడం అక్కడ చేసే పనులు. అదే డబ్బుతో తోట్లవల్లూరు వైపు ఏదైనా కృష్ణా నది లంక గ్రామంలో పనిచేద్దామని సగం మంది అంటున్నారు. నేను దూరం వెళ్లడానికే మొగ్గుతాను. ఇంటి నుంచి వెళ్లొచ్చే సేవ సాయంత్రం అయిదుకే ముగుస్తుంది. ఊళ్లో పడుకుని, వాళ్లు మోసే నీళ్లే మనమూ మోస్తే తప్ప అక్కడి కష్టం పిల్లలకు అర్థం కాదు. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

మిర్చియార్డు (గుంటూరు):
ముందు క్యాలెండర్ చూడండి. ఏప్రిల్ చివర్లో మూసిన బడులు మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. ఆశ్రమ పాఠశాలల పిల్లలు కూడా ఇళ్లకు వెళ్లిపోతారు. మరి ఇంగ్లిష్ ఎవరికి చెబుతారు? ఒకవేళ పిల్లలు దొరికినా, అరకు చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఇంటి భాష కువి గానీ ఆదివాసీ ఒరియా గానీ అవుతుంది. మన కోస్తా తెలుగుతో వారంలో ఇంగ్లిష్ నేర్పడం అయ్యే పని కాదు.

రంగుల సంగతి. పాత సున్నం గోకకుండా దానిమీద ఎమల్షన్ వేస్తే ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుంది. గోకి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ వేసి, ఆరనిచ్చి, రెండు కోట్లు వేయాలి. రెండు గదుల బడికి ఈ పనంతా ఆ ఊరి పెయింటర్లు ఇద్దరు నాలుగైదు రోజుల్లో చేస్తారు. తలకు 3,500 ఖర్చు అనుకున్నా మీ 40 మందికి 1,40,000 అవుతుంది. అందులోంచి కూలీ వాళ్లకే ఇస్తే పనీ బాగుంటుంది, డబ్బూ ఊళ్లోనే ఉంటుంది.

మేలో మొక్క నాటడం అంటే ఎండకు అప్పగించడమే. మేలో తవ్వాల్సింది గుంతలు, ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతుతో. నాటేది వానలు నిలకడగా పడ్డాక. రెండు వేసవులు నీళ్లు పోసే మనిషి పేరు రాసుకోకపోతే గుంత కూడా తవ్వొద్దు.

అసలు సేవ అవసరమైన చోటు మనకు కూతవేటు దూరంలోనే ఉంది. మిరప కోతల కాలంలో కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. చేల గట్ల మీద గుడారాలు, పిల్లలకు బడి పోయినట్టే. ఆ పిల్లల చదువు చూడటం సంక్రాంతి సెలవుల్లో మన విద్యార్థులు చేయగల పని.

పీఓ_తెనాలి:
నేను ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని, ఆ కోణంలో చెబుతాను. 1969లో మొదలైన ఈ పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దానికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ శిబిరాన్ని దత్తత గ్రామంలోనో మురికివాడలోనో పెట్టమనడానికి కారణం ఉంది: ఏడాది పొడవునా వెళ్లే ఊళ్లో ఆ వారం ఒక భాగం కావాలి. ఒక్కసారి వెళ్లొచ్చే ఊరు దగ్గరిదైనా దూరానిదైనా ఫలితం ఒకటే. కాబట్టి దూరమా దగ్గరా అన్నదాని కంటే, మళ్లీ ఎన్నిసార్లు వెళ్లగలరన్నదే నాకు ముఖ్యం.

దగ్గర అయినంత మాత్రాన పని సరిగ్గా జరుగుతుందనీ కాదు. రెండు ఉదాహరణలు.

ఇంకుడు గుంత. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి ఇటుక ముక్కలు, కంకర నింపేసి ఫొటో తీసుకుంటారు. ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు నల్లరేగడిలో అది పనిచేయదు. తడిస్తే ఆ నేల ఉబ్బి పగుళ్లు మూసుకుంటుంది, నీరు పైనే నిలిచి దోమలు చేరతాయి. లంకల్లో ఇసుక ఒండ్రు కాబట్టి నీరు ఇంకుతుంది, కానీ భూగర్భ జలం పైపైనే ఉంటుంది. వాడకపు నీళ్ల గుంత చేతిపంపు పక్కనే తవ్వితే తాగే నీరు చెడుతుంది. కనీసం 15 మీటర్ల దూరం పాటించాలి. ముందే ఒక గుంతలో రెండు బకెట్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతుందో చూస్తే సగం తప్పులు తప్పుతాయి.

బావిలో బ్లీచింగ్. కిలోలకొద్దీ గుమ్మరిస్తే ఊరివాళ్లు ఆ నీళ్లు ముట్టరు. వ్యాసం × వ్యాసం × నీటి లోతు × 785, కొలతలు మీటర్లలో తీసుకుంటే బావిలో ఎన్ని లీటర్ల నీరుందో వస్తుంది. 2 మీటర్ల వ్యాసం, 3 మీటర్ల నీరు ఉంటే దాదాపు 9,400 లీటర్లు. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే ఈ బావికి 25 గ్రాములలోపే. ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పైతేట మాత్రమే వాడాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో పడితే నీటి కఠినత్వం పెరుగుతుంది. గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. మిగలకపోతే ఇంకొంత కలపాలి. మూత తీసి ఉంచిన సంచిలో పొడి బలం తగ్గిపోతుంది, అందుకే కొలవకుండా ఈ పని చేయకూడదు.

బ్రాడీపేట_అమ్మ:
ఊరు ఏదైనా మాలాంటి తల్లిదండ్రులు అడిగేవి ఇవి. పది మందికి కనీసం ఒక మరుగుదొడ్డి ఉందా, దానికి లోపలి గడియ ఉందా? రాత్రి బసలో ఆడపిల్లలతో మహిళా అధ్యాపకురాలు ఉంటారా? దగ్గర్లోని పీహెచ్‌సీలో పాముకాటు మందు ఉందని ఫోన్ చేసి కనుక్కున్నారా? రోహిణి కార్తె ఎండల్లో పని ఉదయం పదికి ఆపేస్తారా? ఇవి సంతకం పెట్టించుకునే అనుమతి పత్రంలోనే రాయండి. చివర్లో "బాధ్యత మాది కాదు" అన్న వాక్యం మాత్రమే పంపే కాలేజీని నేను నమ్మను.

బందరుకాలువ:
తేదీ మారుస్తాం. మొదటి సెమిస్టర్ పరీక్షల తర్వాత ఖాళీ దొరికే వారంలో బడులు నడుస్తూనే ఉంటాయి. కానీ దూరం సంగతి వదలను. ఎప్పుడూ డెల్టాలోనే తిరిగిన పిల్లలకు కొండల్లో బియ్యం సంచి ఇంటికి ఎలా చేరుతుందో తెలియాలి కదా, పీఓ గారూ?

పీఓ_తెనాలి:
తెలియాలి మేడమ్. అది చదువు. దాన్ని చదువుగానే పెట్టండి: పది మంది, అక్కడి ఉపాధ్యాయుడు పిలిస్తేనే, వాళ్లు చెప్పిన పనికే. 40 మందికి వంటచెరుకు, నీళ్లు చిన్న గూడెం మీద ఎంత బరువో లెక్కేయండి.

బుడమేరు_కట్ట (సింగ్‌నగర్):
మే నెలకు సరిపోయే పని బెజవాడలోనే ఉంది, ఎవరూ దాని ఊసెత్తలేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఆహారం పొట్లాల కంటే, ఏ సందులో ఎవరున్నారన్న సమాచారానికే ఎక్కువ కరువు. వానలకు ముందే విద్యార్థులు సందు సందూ తిరిగి మంచాన పడిన వృద్ధులు, గర్భిణులు, డయాలసిస్ రోగులు ఉన్న ఇళ్లు, ఎక్కగలిగే మేడలు, మొదట నీళ్లు చేరే మూలలు రాసి వార్డు సచివాలయానికి ఇవ్వాలి. వాళ్ల అనుమతితోనే చేయాలి, ఆ వివరాలు ఎక్కడా పోస్టు చేయకూడదు.

బురద తీయడం కూడా అప్పుడే నేర్పాలి. కరెంటు మెయిన్ ఆపకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదు. బురద తడిగా ఉండగానే వెనక గది నుంచి గుమ్మం వైపు లాగాలి. ఆరితే గడ్డపార కావాల్సి వస్తుంది. డ్రైనులోకి నెట్టితే మళ్లీ ఇంట్లోకే నీళ్లు తన్నుతాయి, ట్రాక్టరు అందుకునేలా రోడ్డు పక్కన కుప్ప పెట్టాలి. మోకాలి దాకా బూట్లు, మందపాటి గ్లౌజులు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి కాలి గాయం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, గాయం ఉన్నవాణ్ణి దింపకండి. ముందుజాగ్రత్తకు డాక్సీసైక్లిన్ మాత్ర వాడాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

మిర్చియార్డు:
బుడమేరు అన్న చెప్పిన జాబితా పనికి నా ఓటు. మేకు అదే పెట్టండి.

బందరుకాలువ:
అయితే మేలో వార్డు జాబితా. సంక్రాంతికి మిరప చేలు. కొండలకు పిలుపు వస్తే పది మంది, రాకపోతే లేదు. మిర్చియార్డు గారూ, ప్రత్తిపాడు, మేడికొండూరు మండలాల్లో గుడారాలు ఎక్కడెక్కడ పడతాయో డిసెంబర్‌లోనే చెప్పగలరా? ప్రతి బిడ్డకూ సొంత ఊరి బడి, తరగతి రాసుకుని ఇక్కడి ఎంఈఓను (మండల విద్యాధికారిని) ముందుగా కలవాలి.

మిర్చియార్డు:
చెబుతాను. కూలీలను తీసుకొచ్చే మేస్త్రీల ఫోన్ నంబర్లు కూడా తీసుకోండి. కుటుంబాలు ఒక చేను కోత అయిపోగానే ఇంకో ఊరికి మారతాయి, మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు.