చెన్నైలో టూరిస్టు వ్యాన్‌కి ఎస్సీ సబ్సిడీ: ఆంధ్రా సర్టిఫికెట్ చెల్లుతుందా?

పెరంబూరు_వ్యాన్: నమస్తే. మహాబలిపురం, కాంచీపురం, తిరుపతి టూర్లకి టెంపో ట్రావెలర్ కొనాలని మా తమ్ముడి ఆలోచన. అన్నీ కలిపి 24 లక్షలవుతుందన్నారు. మేము ఎస్సీ. నాన్నగారి సర్టిఫికెట్ నెల్లూరుది. ఏ స్కీములో దొరుకుతుంది? మా చేతి డబ్బు ఎంత పెట్టాలి?

గిండీ_లెక్కలు: తమిళనాడులో ఎస్సీ, ఎస్టీలకి ముందు చూడాల్సింది అన్నల్ అంబేద్కర్ బిజినెస్ ఛాంపియన్స్ స్కీమ్. సర్వీసు వ్యాపారాలకీ ఉంది, చదువు నిబంధన లేదు, వయసు 55 దాటకూడదు. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా కోటిన్నర. పైగా వడ్డీలో 6 శాతం ప్రభుత్వం భరిస్తుంది. మీ 24 లక్షలకి 8.4 లక్షలు సబ్సిడీ, 15.6 లక్షలు లోను. సబ్సిడీ ముందే వస్తుంది, దాన్నే మీ వాటాగా లెక్కగడతారు.

పీఎంఈజీపీ, అంటే స్వయం ఉపాధికి కేంద్రం ఇచ్చే సబ్సిడీ లోను స్కీమ్, అంత లాభం కాదు. సర్వీసు ప్రాజెక్టుకి 20 లక్షల వరకే లెక్క, సిటీలో ఎస్సీలకి సబ్సిడీ 25 శాతం, అంటే 5 లక్షలు. మీ వాటా 5 శాతం. ఆ సబ్సిడీ కూడా మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు.

సర్టిఫికెట్_సంగతి: అసలు చిక్కు సర్టిఫికెట్ దగ్గరే, స్కీము తర్వాత మాట. ఒక రాష్ట్రం ఎస్సీ ఇంకో రాష్ట్రంలో ఆ రాష్ట్ర ప్రయోజనాలు అడగలేడని 2018లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మాల, మాదిగ, ఆది ఆంధ్ర పేర్లు తమిళనాడు జాబితాలో ఉన్నా సరే, ఎస్సీ కులాల జాబితా ఉత్తర్వు వచ్చిన 1950 ఆగస్టు 10 నాటికి మీ కుటుంబం ఎక్కడ ఉండేదన్నదే చూస్తారు. తాతగారు అప్పటికే పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఉంటే సర్వీసు రిజిస్టరు, స్కూలు రికార్డు, పాత ఇంటి పన్ను రసీదు ఏదో ఒకటి వెతకండి. వాటితో తహసీల్దారు దగ్గర తమిళనాడు సర్టిఫికెట్‌కి పెట్టుకోవచ్చు. ఆ తర్వాత వచ్చిన కుటుంబమైతే ఇక్కడ ఇచ్చేది వలస వచ్చినవాళ్ల సర్టిఫికెట్, దాంతో ఈ రాష్ట్ర స్కీములు రావు.

క్రైస్తవంలోకి మారినవాళ్లు 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కిందికి రారు. ఇది దాచిపెట్టి దరఖాస్తు చేసినా విచారణలో బయటపడుతుంది.

పెరంబూరు_వ్యాన్: తాతగారు 1962లో వచ్చారండీ. మరి దారి లేదా?

గిండీ_లెక్కలు: మీ మరదలు పేరున పీఎంఈజీపీ పెట్టండి. అందులో మహిళలందరూ ప్రత్యేక కేటగిరీయే, కులంతో పని లేదు. 25 శాతం, 5 శాతం లెక్కలు అవే వర్తిస్తాయి. 20 లక్షలు దాటిన భాగం బ్యాంకు ఇష్టం, దానికి సబ్సిడీ ఉండదు. 5 లక్షలు దాటిన సర్వీసు ప్రాజెక్టుకి ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. పేరు ఆమెది, వ్యాపారం వేరేవాళ్లది అనిపిస్తే బ్యాంకు మేనేజరు ఇంటర్వ్యూలోనే పట్టేస్తాడు. రూట్లు, డీజిలు ఖర్చు, డ్రైవరు జీతం ఆమెకి నోటికి రావాలి.

యెల్లో_బోర్డు: ఫైళ్లు ఆగేది ఎక్కువగా కొటేషన్ దగ్గర. డీలరు ఎక్స్‌షోరూమ్ ధర రాసిస్తాడు. రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్, పర్మిట్ అన్నీ పైన పడతాయి. వాటిని ప్రాజెక్టు రిపోర్టులో విడి వరుసల్లో చూపించకపోతే బండి వచ్చాక ఆ డబ్బుకి బయట వడ్డీకి వెళ్లాలి. తిరుపతి రూటుకి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ కావాలి, ప్రయాణికుల జాబితా బండిలో ఉండాలి. దారిలో ఒక్కొక్కరిని ఎక్కించుకుంటే అది పర్మిట్ ఉల్లంఘనే.

చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకి డబ్బివ్వొద్దు. అందులో టూర్ ఆపరేటర్ కోడ్ 79120.

రాబడి అంచనాలో ప్రతి నెలా 25 ట్రిప్పులని రాస్తే ఎవరూ నమ్మరు. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు శబరిమల సీజను, వేసవిలో తిరుపతి, వానాకాలం అక్టోబరులో ఖాళీ అని నెలవారీగా చూపించండి. ఉదాహరణకి 15.6 లక్షల లోను ఏడేళ్లకి, 11 శాతం వడ్డీ అనుకుంటే కిస్తీ సుమారు 26,700. ఖాళీ నెలల్లో ఇది ఎక్కణ్ణుంచి కడతారో రిపోర్టులోనే రాయాలి. ఎయిర్‌పోర్టు డ్రాపులా, స్కూలు ట్రిప్పులా, ఏదైతే అది.